పిడుదుల పుస్తకం

3, సోమవారం

నాకు బీపీ చూసే డాక్టరు అన్నాడు, "అరవాలనిపించినప్పుడు అరవకండి, రాయండి" అని. అందుకని రాస్తున్నాను. ఇది ఎవరూ చదవడానికి కాదు. మా ఆవిడ అసలే చదవకూడదు. ఇందులో ఎక్కువగా ఉండబోయేది ఆవిడ తమ్ముడి గురించే.

కొత్త పని ఇవాళ మొదలైంది. కొండవాలు మీదుగా కరెంటు లైను వేస్తారట. ఏ స్తంభం ఎక్కడ రావాలో కొలిచి మేకులు కొట్టి ఇవ్వాలి. పదకొండు కిలోమీటర్లు, ఏడు వారాలు. నేను రోడ్డు పక్కన యంత్రం బిగించి అందులోంచి చూస్తాను. మా బావమరిది చివర అద్దం బిగించిన గడకర్ర పట్టుకుని గడ్డిలోకి దిగి, నేను వాకీటాకీలో చెప్పిన చోట నిలబడతాడు. మూడేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే పని. వాడు ఆరడుగులు దాటిన మనిషి, ఒంటిమీద కండ లేదు. ఆఫీసులో అందరూ వాణ్ణే గడకర్ర అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా, సిగ్గులేకుండా.

పొద్దున్న ఇంజనీరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి పిడుదుల గురించి చెప్పింది. ఆ వాలు మీద జింకలు తిరుగుతాయి, మేకలు మేస్తాయి, గడ్డి నడుమెత్తు ఉంటుంది. గడ్డికొసల మీద పిడుదులు ముందుకాళ్ళు చాపుకుని కూర్చుంటాయట, ఎవరైనా రాసుకుంటూ పోతే ఎక్కేద్దామని. లేతరంగు బట్టలు వేసుకోండి, పాకితే కనపడుతుంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపండి. బట్టలమీద మందు కొట్టుకోండి. పని అవగానే షెడ్డులో బట్టలు విప్పి ఒకరినొకరు చూసుకోండి. చెవుల వెనక, చంకలు, నడుం, గజ్జలు, మోకాలి వెనక, జుట్టులో. కరిచిన పిడుదు కనపడితే పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టుకుని నిలువుగా లాగండి. నూనె పోయొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు, గోళ్ళతో నలపొద్దు. కరిచిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి పిడుదు సంగతి చెప్పండి, అది అన్నిటికన్నా ముఖ్యం.

"మేడమ్, ఇవన్నీ వేసుకుంటే పిడుదు సంగతి తర్వాత, మా అక్కే నన్ను గుర్తుపట్టదు" అన్నాడు గడకర్ర.

ఆమె నవ్వలేదు. ఒక పుస్తకం తీసి నా చేతికిచ్చింది. రోజూ సాయంత్రం ఇద్దరినీ చూసి, అందులో రాసి సంతకం పెట్టాలట. పెద్దవాణ్ణి కనక బాధ్యత నాది. అట్టమీద వీడు అప్పుడే "పిడుదుల పుస్తకం" అని రాసేశాడు.

4, మంగళవారం

నోరు నొప్పి పుట్టింది. ఉదయం తొమ్మిదికి మేజోళ్ళలోకి దోపిన ప్యాంటు పదింటికల్లా బయటికి వచ్చేసింది. యంత్రంలోంచి నాకు వాడి కాళ్ళు ఎంత దగ్గరగా కనపడతాయో వాడికి తెలియదు.

"ఒరేయ్, ప్యాంటు!"

"ఉక్కపోస్తోంది బావా."

"నాకూ పోస్తోంది."

"నువ్వు గొడుగు కింద ఉన్నావు."

గొడుగు నాకు కాదు, యంత్రానికి. ఎండ పడితే లెక్కలు తప్పుతాయి. ఈ మాట మూడేళ్ళుగా చెబుతున్నాను.

సాయంత్రం షెడ్డులో చూసుకున్నాం. వాడికి చక్కిలిగింతలు. చంక దాకా వెళ్ళేసరికి మెలికలు తిరిగిపోయాడు, బెంచీ పడిపోయింది. అరగంట పట్టింది. నిన్నా ఇంతే. మమ్మల్ని దింపే బండి డ్రైవరు బయట హారను కొడుతూనే ఉన్నాడు. ఏమీ లేవు, ఇద్దరికీ. సంతకం పెట్టాను.

6, గురువారం

అనుకున్నదానిలో సగం కూడా కాలేదు. డ్రైవరు ఐదున్నర దాటితే ఆగనంటాడు. పరీక్షలు అవీ వారానికోసారి చాలు. సంతకం పెట్టాను.

7, శుక్రవారం

ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం వీడు గడ్డిలోంచి చెయ్యి పైకెత్తి, ఏదో పతకం గెలిచినట్టు రోడ్డు మీదకి వచ్చాడు. పిక్కమీద పిడుదు. ఇంకా కరవలేదు, పాకుతోంది. నువ్వుగింజంత.

"చూడు బావా, ఎంత కష్టపడి ఎక్కిందో పాపం."

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది! సరిగ్గా అప్పుడే ఇంజనీరమ్మ జీపు వచ్చింది. ఆమె ముందే నేను ఏమన్నానో అంతా రాయను. బుర్రుందా అన్నాను. మీ అక్క ముద్దు చేసి చెడగొట్టింది అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

ఇంజనీరమ్మ మాత్రం నెమ్మదిగానే మాట్లాడింది, అదే ఎక్కువ భయం. "నియమాలు పాటించక ఎవరైనా కరిపించుకుంటే ఇద్దర్నీ పనిలోంచి తప్పిస్తాను. కరిపించుకున్నవాణ్ణి, చూడాల్సినవాణ్ణి కూడా" అంది. తర్వాత పుస్తకం తిరగేసింది. నిన్నటి సంతకం, మొన్నటి సంతకం చూసి నాకేసి తలాడించింది. "మీరు జాగ్రత్తగానే చూస్తున్నారు" అంది.

గడకర్ర నాకేసి చూశాడు. నేను యంత్రంలోకి చూశాను.

8, శనివారం

మా ఆవిడ బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. ఇవాళ సెలవు పెట్టి మా నాలుగు ప్యాంట్లకీ అడుగున ఎలాస్టిక్ వేసింది. మిషను ముందు గదిలో, మా బావమరిది మంచం పక్కనే. వాడు పడుకుని సలహాలు ఇస్తున్నాడు.

"అక్కా, గజ్జెలు కూడా కుట్టు, నాట్యం చేస్తాను."

"నోర్ముయ్. ఏమండీ, రోజూ చూస్తున్నారుగా వీణ్ణి?"

"చూస్తున్నాను."

"జుట్టులో కూడా?"

"చూస్తున్నానన్నానుగా!"

వాడికి పదేళ్ళప్పుడు మా అత్తామామలు పోయారు. పెళ్ళికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, తమ్ముడు తనతోనే ఉంటాడని. నేను ఒప్పుకున్నాను. ఎప్పుడూ కాదనలేదు. ఆ మాట ఎవరైనా ఒక్కసారి గుర్తుచేసుకుంటే బాగుండు.

10, సోమవారం

మూడు వందల మీటర్లే. సంతకం పెట్టాను.

11, మంగళవారం

ఇవాళ చిరాకు పడ్డానంటే తప్పు నాది కాదని రాసి పెడుతున్నాను.

నాలుగింటికి వెలుతురు బాగుంది, లోయకి అవతలి గట్టు స్పష్టంగా కనపడుతోంది. అక్కడ రెండు మేకులు కొడితే వారం పని కలిసొస్తుంది. వీడు గట్టుదాకా పొదల్లో పాకుతూ వెళ్ళాడు. సగంలో వాకీ.

"బావా, ఒక్క పది నిమిషాలు ఆగు. బట్టలు దులుపుకుని వస్తాను. లోపల ఏదో పాకుతున్నట్టుంది."

"గట్టెక్కాక దులుపుకో."

"గట్టుమీద చాటెక్కడుంది? అందరూ కనపడతారు."

"నిన్ను చూడ్డానికి ఎవరూ టికెట్టు కొనలేదు. మబ్బు పడుతోంది, కదులు."

కదిలాడు. రెండు మేకులూ పడ్డాయి, రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా. తిరిగొచ్చేసరికి డ్రైవరు బండి స్టార్టు చేసి ఉంచాడు. ఏదో పాకినట్టుండడం ఏముంది, చెమట పాకినా అలాగే ఉంటుంది.

సంతకం పెట్టాను.

13, గురువారం

గడకర్ర ఇవాళ ఒక్క జోకూ వేయలేదు. చెవులకి హాయిగా ఉంది. ప్యాంటు మేజోళ్ళలోకి చెప్పకుండానే దోపుకున్నాడు. చూశారా, గట్టిగా చెబితే వింటారు.

14, శుక్రవారం

వాడు స్నానాల గదిలో ముప్పావుగంట. నేను తలుపు కొట్టి "బకెట్టులో ఈత కొడుతున్నావా" అన్నాను. "వస్తున్నా బావా" అన్నాడు, అంతే. పట్టకారు సబ్బుపెట్టె పక్కన కనపడింది. మా ఆవిడ కనుబొమలకి వాడుతుంది.

17, సోమవారం

తలనొప్పి అన్నాడు. బుధవారం టీవీలో వాడి జట్టు మ్యాచ్ ఉంది. వాడి తలనొప్పులన్నీ మ్యాచ్‌కి రెండు రోజుల ముందే మొదలవుతాయి. నాకు తెలియనిదా!

18, మంగళవారం

గడ నిటారుగా నిలబెట్టలేకపోతున్నాడు. యంత్రంలో అద్దం ఇటు ఊగుతుంది, అటు ఊగుతుంది.

"ఒరేయ్, తాగి వచ్చావా?"

"లేదు బావా. చలేస్తోంది."

ఎండ మాడిపోతోంది, చలట! కూర్చోనివ్వనా మరి, కూర్చోమన్నాను. రాయిమీద కూర్చుని అక్కడే మోకాళ్ళమీద తల పెట్టుకున్నాడు. గడ పడిపోయి అద్దానికి గీత పడింది. అద్దం గురించి అరిచాను.

సంతకం.

19, బుధవారం

పనికి రాలేదు. డ్రైవరు చేతికి గడ ఇస్తే దాన్ని జెండాలా మోశాడు. రోజంతా పళ్ళు కొరుక్కుంటూ పనిచేశాను. మ్యాచ్ చూసుకుంటూ కాళ్ళు చాపుకుని ఉంటాడని, ఇంటికి వెళ్ళగానే ఏమేం అనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను.

టీవీ ఆపి ఉంది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా ఆవిడ తడిగుడ్డ మారుస్తోంది. "నూట మూడు" అంది.

కూడబలుక్కున్నవి అనలేదు.

20, గురువారం

ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్న వయసే, నిదానస్తురాలు. గుండె, పొట్ట, గొంతు చూసింది. ఒంటిమీద దుప్పటి తొలగించబోతే వీడు నడుం దగ్గర రెండు చేతులా పట్టుకున్నాడు. సిగ్గు. ఆమె వదిలేసింది.

"ఏం పనిచేస్తారు?"

"సర్వే, మేడమ్. కొండమీద" అన్నాను నేను.

"గడ్డిలో తిరుగుతారా? పురుగేమైనా కుట్టిందా? పిడుదులూ అవీ?"

వీడు నాకేసి చూశాడు. "లేదు మేడమ్" అన్నాడు.

"రోజూ చూసుకుంటారండీ" అంది మా ఆవిడ. "మా ఆయనే చూస్తారు. పుస్తకంలో రాస్తారు కూడా."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "రోజూ చూశారా?"

"చూశాను" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. వాడే లేదన్నాడు కదా. కుట్టి ఉంటే వాడికి తెలియదా? ఒంటిమీది సంగతి ఒంటిమీదున్నవాడికి తెలుస్తుంది. ఆమె కాగితంమీద ఏదో కొట్టేసింది. మామూలు వైరస్ జ్వరం అయ్యుంటుంది, రెండు రోజులు ఉంచి చూద్దాం అంది.

అయ్యుంటుంది. డాక్టరే చెప్పింది.

21, శుక్రవారం

నూట నాలుగు. మణికట్టుల దగ్గర, అరచేతుల్లో ఎర్రటి చుక్కలు. రాత్రంతా వాకీలో మాట్లాడుతున్నట్టు "ఎడమకా? ఇంకా ఎడమకా?" అని పలవరించాడట. మా ఆవిడ చెప్పి లేచింది. టీ తేవడానికి వెళ్ళింది.

వాడికి మెలకువగా ఉంది. నేను కుర్చీ దగ్గరగా లాక్కున్నాను.

"ఒరేయ్, నిజం చెప్పు. కుట్టిందా?"

వాడు పైకప్పుకేసి చూశాడు.

"ఒరేయ్!"

"ఇక్కడ" అన్నాడు. గజ్జ దగ్గర. దుప్పటి కొంచెం తొలగించి నాకు చూపించాడు. బొటనవేలి గోరంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. "మంగళవారంది. గట్టుమీద. శుక్రవారం దాకా నాకూ కనపడలేదు. అక్క పట్టకారుతో పీకాను. సగమే వచ్చింది."

"మరి నిన్న డాక్టరు అడిగితే లేదంటావేంరా? నీకేమైనా పిచ్చా? నేను తిడతాననా?"

"నువ్వు రోజూ తిడతావు, అదేం కొత్త" అన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి, నవ్వబోతే నెత్తురు వచ్చింది. "పుస్తకంలో నీ సంతకం ఉంది బావా. మంగళవారం తేదీ వేసి. చూశాను, ఏమీ లేదు అని. నాకు కుట్టిందని చెబితే నిన్ను తీసేస్తుంది కదా ఇంజనీరమ్మ. నీకేమో బీపీ. జ్వరమే కదా, తగ్గిపోతుందిలే అనుకున్నాను."

వారంనించీ వాణ్ణి ఎన్ని మాటలన్నానో ఇందులోనే ఉన్నాయి, ఇందాక వెనక్కి తిప్పి చదివాను.

వసారాలోకి వచ్చాను. డాక్టరమ్మ నర్సుతో మాట్లాడుతోంది. అప్పుడే మా ఆవిడ మూడు కప్పులు పట్టుకుని మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. ఆగాను కూడా, ఎంతసేపో తెలియదు. మహా అయితే పది సెకన్లు. డాక్టరమ్మ వేరే గదిలోకి తిరగబోయింది.

"మేడమ్" అన్నాను. "నిన్న నేను చెప్పింది అబద్ధం. నేను చూడలేదు. మొదటి రెండు రోజులే చూశాను. మిగతావన్నీ ఊరికే సంతకాలు. వాడికి పిడుదు కుట్టింది, పది రోజులైంది. గజ్జల్లో మచ్చ ఉంది."

ఆమె నన్ను చూసిన చూపు గురించి రాయను. "ఈ ముక్క నిన్న చెప్పుంటే నిన్ననే మందు మొదలుపెట్టేదాన్ని" అంది. "ఒక రోజు పోయింది. ఈ జ్వరంలో ఒక రోజంటే ఏమిటో తెలుసా మీకు?" వెంటనే గదిలోకి వెళ్ళిపోయింది. ఐదు నిమిషాల్లో నర్సు మందు తెచ్చింది. రక్తం మళ్ళీ తీశారు. మూత్రపిండాలు చూడాలన్నారు.

మా ఆవిడ టీ కప్పులు కిటికీ గట్టుమీద పెట్టింది. ఒకటి, రెండు, మూడు. తమ్ముడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

22, శనివారం

తగ్గలేదు. మందు పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుందట. ఆలస్యంగా మొదలుపెడితే ఇంకా పట్టొచ్చట.

మా ఆవిడ నాతో మాట్లాడలేదు. నిన్నా లేదు. అరిస్తే బాగుండును.

23, ఆదివారం

పొద్దున్న నూట మూడు. సాయంత్రం నూట మూడు.

బెంచీమీద కూర్చుని పాదాల కింద పలకలు లెక్కపెట్టాను. ఎవరి మీదా చిరాకు పడడానికి కుదరలేదు. ఎంత వెతికినా నేనే దొరుకుతున్నాను.

24, సోమవారం

పొద్దున్న తొంభైతొమ్మిది!

నర్సు రెండుసార్లు పెట్టి చూసింది. నేను మూడోసారి పెట్టమన్నాను. విసుక్కుని పెట్టింది. తొంభైతొమ్మిదే. మూత్రపిండాలు కూడా బాగానే ఉన్నాయట.

పదింటికి వాడు కళ్ళు తెరిచి, "బావా, మ్యాచ్ ఎవరు గెలిచారు?" అన్నాడు. మా ఆవిడ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే వాడి తలమీద ఒకటి వేసింది. నేను గోడవైపు తిరిగాను. వాడి జట్టు ఓడిపోయింది. ఇవాళ చెప్పలేదు.

25, మంగళవారం

పుస్తకం తీసుకుని ఇంజనీరమ్మ గదికి వెళ్ళాను. ఆమె ముందు అదంతా మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిక అవుతుందనుకున్నాను, కాలేదు.

"ఎన్ని సంతకాలు?"

"పది."

"మీరు చూడలేదని నాకు చెప్పుంటే డ్రైవర్ని ఆరింటిదాకా ఉండమనేదాన్ని. అంతే కదా పని! ఒక్క మాట కదా!" అంది. గొంతు పెద్దది చేయగా వినడం అదే మొదటిసారి. "మనుషుల్ని గడ్డిలోకి పంపి మీరు రోడ్డుమీద నిలబడి, లేని తనిఖీ రాస్తారా?"

యంత్రం అవసరం గురించి ఒక వాక్యం నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఉద్యోగం తీసేయలేదు. పెద్దరికం తీసేసింది. వచ్చే వారం నుంచి యంత్రం దగ్గర వేరే అతను ఉంటాడు. గడ నేను పట్టుకోవాలి.

1, సోమవారం

కొత్త నెల. గడ్డిలో మొదటి రోజు.

ఎలాస్టిక్ కింద కాళ్ళు ఉడికిపోతాయి. మేజోళ్ళలోంచి చెమట బూటులోకి దిగి, నడుస్తుంటే చప్పుడవుతుంది. మందు వాసనకి తుమ్ములు. రెండు చేతులా గడ పట్టుకుంటే ఎక్కడ దురద పుట్టినా గోక్కోలేం. వంద అడుగులు వేసేసరికి ప్యాంటు మోకాళ్ళదాకా మడవాలని చేతులు వాటంతటవే వంగాయి. మడవలేదు. గొప్పకి కాదు, అరచేతుల్లో ఎర్రచుక్కలు గుర్తొచ్చి.

"కాస్త ఎడమకి" అంటాడు కొత్తతను వాకీలో. "ఎడమకండీ! మీ ఎడమ కాదు, నా ఎడమ!"

సాయంత్రం ఆరింటిదాకా బండి ఆగింది. షెడ్డులో కొత్తతను నన్ను, నేను అతన్ని చూసుకున్నాం. అపరిచితుడి ముందు బట్టలు విప్పడమంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వీడు నాముందు విప్పడానికి మెలికలు తిరిగితే, చక్కిలిగింతలని నవ్వుకున్నాను నేను.

3, బుధవారం

మా ఆవిడ ఇప్పుడు నాతో అవసరమైనంత మాట్లాడుతుంది. "అన్నం పెట్టాను." "తువ్వాలు అక్కడుంది." ఇవాళ "గుండీ ఊడింది, ఇవ్వండి" అంది. ఇచ్చాను.

5, శుక్రవారం

వాణ్ణి ఇంటికి తెచ్చాం. ఐదు మెట్లెక్కి ఆగాడు. ఇంతకుముందు రెండేసి మెట్లు దూకేవాడు. చెయ్యి పట్టుకోబోతే, "నేను గడకర్రనే బావా, నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు" అన్నాడు. పట్టుకున్నాను. వదిలించుకోలేదు.

డాక్టరమ్మ నెల రోజులు పనికి వద్దంది. చప్పుడుకి వాడి నిద్ర చెడుతుందని మా ఆవిడ మిషను లోపలి గదిలోకి మార్చుకుంది.

9, మంగళవారం

ఇవాళ పని ఆలస్యమైంది, షెడ్డులో చూసుకోవడం హడావుడిగా అయింది. అయినా చూసుకున్నాం. ఇప్పుడు పుస్తకం ఇద్దరం రాయాలి. పుస్తకంలో "హడావుడిగా చూశాం" అనే రాశాను. ఇంజనీరమ్మ ఏమంటుందో రేపు తెలుస్తుంది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో గడకర్ర మంచంమీద కూర్చుని ఉన్నాడు. ఇంకా వెలుతురుంది. "విప్పు బావా" అన్నాడు.

"చూసుకున్నాంలేరా."

"నేను చూడలేదు."

ఓపిక లేదు నాకు. స్నానం, తిండి, పడక, ఇవే కావాలి. అయినా విప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను. చెవుల వెనక చూశాడు, జుట్టు పాయలు తీసి చూశాడు, వీపు చూశాడు. వాడి చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఎక్కువసేపు నిలబడలేక మంచంమీద కూర్చుని నన్ను తిరగమన్నాడు. తిరిగాను.

ఆగిపోయాడు.

"బావా."

"ఏంటి?"

"కదలకు. ఎడమ మోకాలి వెనక. కరిచి పట్టుకుంది."

ముందుగా వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. వీడి చేత గుట్టుగా పీకించేసుకుందాం, లోపల కుట్టు మిషను దగ్గరున్న మనిషికి తెలియకూడదు, ఇప్పుడిప్పుడే గుండీ కుడుతోంది. మళ్ళీ మొదటికి వస్తుంది. "మీ అక్కకి..." అన్నాను కూడా.

వాడు తిట్టలేదు, వెక్కిరించలేదు. నా మోకాలి వెనక చెయ్యి ఆనించి అలా కూర్చున్నాడు. వాడి వేళ్ళు ఇంకా సన్నంగా అయిపోయాయి.

నేనే పిలిచాను. మొదటిసారి మిషను చప్పుడులో వినపడలేదు. రెండోసారి పిలిస్తే మిషను ఆగింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, మెడలో కొలతల టేపు, నోట్లో రెండు గుండుసూదులు.

"నాకు పిడుదు కుట్టింది" అన్నాను. "ఇవాళే అయ్యుంటుంది. నిన్నా చూసుకున్నాం, నిన్న లేదు. ఇది నిజం."

ఆవిడ సూదులు తీసి టేపుకి గుచ్చుకుంది. లోపలికి వెళ్ళి పట్టకారు, దూది తెచ్చింది. నా వెనక నేలమీద మోకాళ్ళమీద కూర్చుంది. తమ్ముడు దీపం దగ్గరగా జరిపాడు. ఇద్దరి ఊపిరీ నా కాలికి తగులుతోంది. చర్మాన్ని ఒక చేత్తో బిగపట్టి, తొందరపడకుండా, నిలువుగా లాగింది. తెల్లకాగితం మీద పెట్టి వెలుతురులో చూసింది. తల, కాళ్ళు, అన్నీ ఉన్నాయి. తేదీ వేసి మడత పెట్టింది.

"నొప్పి పుట్టిందా?" అంది.

"లేదు" అన్నాను అలవాటుగా.

ఆవిడ దూది నొక్కిపట్టి అలాగే కూర్చుంది. లేవలేదు.

"పుడితే చెప్పండి."

కొంచెం పుట్టిందని చెప్పాను.